జాగ్రత్త: కొలతల కాగితం చేతికి రాకుండా ఇంజిన్ పనికి డబ్బులు కట్టకండి

విజయవాడ ఆటోనగర్‌లో బండి ఇంజిన్ విప్పించి, పవర్ పెంచి మళ్లీ కట్టించుకుందామని అనుకుంటున్నవాళ్లు అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి. నా 2002 హోండా సిటీ వీటెక్‌కి 1,85,000 రూపాయలు పెట్టి ఫుల్ ఇంజిన్ చేయించాను. 640 కిలోమీటర్లు తిరిగింది. గుంటూరు వస్తుంటే కాజ టోల్‌గేట్ దగ్గర మూడో సిలిండర్‌లో పిస్టన్‌ని క్రాంకుకి (పిస్టన్ల ఊపుని తిప్పుడుగా మార్చే కడ్డీకి) కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయింది.

షాపు పేరు రాయటం లేదు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాను, అక్కడే చెప్తాను. ఆటోనగర్ మొత్తాన్ని అనటం కూడా కాదు. మా నాన్న లారీల ఇంజిన్లన్నీ అక్కడే రిపేరయ్యాయి. చేతిలో గొప్ప పనితనం ఉన్న మేస్త్రిలు ఆ గేట్ల లోపల ఇప్పటికీ ఉన్నారు. నాకు దొరికినవాళ్లు అలాంటివాళ్లు కాదు, అంతే.

ఈ ఇంజిన్ 1493 సీసీ. బోరు (సిలిండర్ వెడల్పు) 75 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 84.5. కంపెనీ నుంచి వచ్చినప్పుడే 106 హార్స్‌పవర్. నాకు రేసులు అక్కర్లేదు. గుంటూరు బ్రాడీపేట నుంచి విజయవాడ బెంజ్ సర్కిల్ దాకా రోజూ ఆఫీసుకి వెళ్లిరావాలి, ఎండాకాలం ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని నిలబడినా వేడెక్కకూడదు, హైవే ఎక్కితే మాత్రం ఊపిరి ఉండాలి. ఇదంతా చెప్పాను. వాళ్లు ఫోర్జ్‌డ్ పిస్టన్లు (పోత పోయకుండా ఒత్తిడితో అచ్చొత్తి చేసినవి), ఇరవై థౌ బోరు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, సిలిండర్‌ని అంత పెద్దది చేయటం), హెడ్ ఫేసింగ్ (ఇంజిన్ పై మూతని గీసి చదును చేయటం), క్రాంకు పాలిష్ అని తెల్ల స్లిప్పు మీద నాలుగు లైన్లు రాసి ఇచ్చారు. 1,10,000 అడ్వాన్స్ కట్టాను. ఇంజిన్ విప్పకముందు కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడలేదు, లీక్‌డౌన్ (ఆ ఒత్తిడి ఎంత కారిపోతోందో) చూడలేదు. బోరు ఎంత అరిగిందో కొలవకుండానే ఇరవై థౌ అని ముందే తేల్చేశారు. నేను అక్కడే లేచి వచ్చేయాల్సింది.

బండి చేతికొచ్చిన రోజే ఇంజిన్‌లో టకటకమని చప్పుడు. అడిగితే, "ఫోర్జ్‌డ్ పిస్టన్లు సార్, చల్లగా ఉన్నప్పుడు అలాగే కొడతాయి, వేడెక్కితే సర్దుకుంటాయి" అన్నారు. ఈ మాట అబద్ధం కాదు. ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి సిలిండర్ గోడకీ దానికీ మధ్య కొంచెం ఎక్కువ సందు వదులుతారు. అందుకే పొద్దున స్టార్ట్ చేసినప్పుడు కాస్త చప్పుడు వస్తుంది. నన్ను మోసం చేసింది ఈ నిజమైన మాటే. నా బండిలో చప్పుడు వేడెక్కాక తగ్గలేదు, పెరిగింది. పిస్టన్ చప్పుడు వేడికి తగ్గుతుంది. బేరింగ్ చప్పుడు ఆయిల్ పల్చబడేకొద్దీ పెరుగుతుంది. ఈ ఒక్క తేడా గుర్తుపెట్టుకోండి. వేడి ఇంజిన్‌లో చప్పుడు పెరుగుతుంటే బండి ఆపి తాళం తీసేయండి, షాపు దాకా కూడా నడపొద్దు.

వంద కిలోమీటర్లకి ఆయిల్ మారిస్తే డ్రెయిన్ ట్రేలో తళతళ మెరిసే పొట్టు కనిపించింది. కొత్త ఇంజిన్‌కి మామూలే అన్నారు. రింగులు సర్దుకునేటప్పుడు సన్నటి బూడిదరంగు మడ్డి కొంచెం రావటం మామూలే. కంటికి కనపడే పొట్టు, అదీ అయస్కాంతానికి అంటని పొట్టు వస్తే అది ఇనుము కాదు, బేరింగ్ షెల్స్ (బేరింగ్ లోపలి మెత్తటి లోహపు రేకులు) నుంచి వస్తోందని మొదటి అనుమానం. నేను అయస్కాంతం పెట్టి చూశాను, అంటలేదు. అయినా వాళ్ల మాట నమ్మి మరో 540 కిలోమీటర్లు నడిపాను. ఆ రోజే ఆపి ఉంటే క్రాంకు దక్కేది.

తర్వాత గుంటూరులో ఒక పెద్దాయన లేత్ షాపులో, నా కళ్ల ముందే విప్పించాను. పిస్టన్లు పోత పిస్టన్లు. పైన నల్లటి కోటింగ్ కొట్టి ఫోర్జ్‌డ్ అని అమ్మారు. తిరగేస్తే లోపల పోత అచ్చు గీతలు స్పష్టంగా ఉన్నాయి. గోడకీ పిస్టన్‌కీ మధ్య సందు 0.11 మిల్లీమీటర్లు. పోత పిస్టన్‌కి ఇది చాలా ఎక్కువ. మూడో జర్నల్ (క్రాంకు మీద రాడ్ బేరింగ్ కూర్చునే గుండ్రటి భాగం) ఎటూ పోయింది కాబట్టి పక్కనున్న నాలుగోదాన్ని మైక్రోమీటర్‌తో కొలిచారు. గుండ్రంగా లేదు. గ్రైండింగ్ చేయలేదు, ఎమరీ గుడ్డతో రుద్ది కొత్త షెల్స్ వేశారు.

పెద్దాయన ఆ తర్వాత తెల్ల గుడ్డకి ఆయిల్ రాసి ఆయిల్ దారుల మూతలు తీసి లోపల తుడిచారు. గుడ్డ బూడిదరంగులోకి తిరిగింది. "హోనింగ్ రాళ్ల పొడి అబ్బాయ్, కడగలేదు వీళ్లు" అన్నారు. హోనింగ్ అంటే బోరు చేశాక సిలిండర్ గోడల్ని రాళ్లతో సానపట్టటం. ఆ తర్వాత బ్లాక్‌ని (సిలిండర్లుండే దిమ్మని) వేడి సబ్బునీళ్లతో బ్రష్ పెట్టి తోమి, ఆయిల్ దారులన్నీ కడిగి ఊదాలి. ఒట్టి పెట్రోలుతో తుడిస్తే ఆ పొడి పోదు. ఇంజిన్ కట్టేముందు మీరే తెల్ల గుడ్డ తీసుకెళ్లి సిలిండర్ గోడలు తుడిచి చూడండి. గుడ్డ తెల్లగా ఉండేదాకా కట్టనివ్వకండి. ఇందుకు మీకు ఏ సాంకేతిక జ్ఞానమూ అక్కర్లేదు.

అసలు వరస ఇలా ఉండాలి. ముందు పిస్టన్లు కొని లేత్ షాపులో పెట్టాలి. ఒక్కో పిస్టన్‌నీ కొలిచి, దానికి సరిపడా ఆ సిలిండర్ బోరు చేయాలి. రింగు చివరల సందు ఒక్కో సిలిండర్‌లో విడిగా చూడాలి. టర్బో లేని రోడ్డు బండికి బోరు అంగుళానికి 4 థౌ అని మామూలు లెక్క, అంటే 75 మిల్లీమీటర్ల బోరుకి సుమారు 0.30 మిల్లీమీటర్లు. ఈ అంకెలన్నీ సిలిండర్ నంబరు వేసి కాగితం మీద రాయించుకోండి. కొలిచినవాడు రాయటానికి వెనకాడడు. హెడ్ ఎంత ఫేసింగ్ చేశారో కూడా రాయించండి. ఎక్కువ గీస్తే కంప్రెషన్ పెరిగి, మన వేసవిలో ఏసీ వేసి లాగితే నాకింగ్ (పెట్రోలు తనంతట తానే అంటుకుని ఇంజిన్ కొట్టుకోవటం) మొదలవుతుంది. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఒక పాలు మామూలు పెట్రోలుకి బరువు లెక్కన గాలి 14.7 పాళ్లు కావాలి, దీనికి సుమారు 13.5 చాలు, అంటే అంతే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. పాత బండిలో పవర్ పెంచుతూ ట్యూనింగ్ (ఇంధనం పాళ్లు సరిచేయటం) చేయించకపోతే ఎంత మంచి పిస్టన్ వేసినా దండగే. నా షాపువాళ్లు ట్యూనింగ్ ఊసే ఎత్తలేదు.

ఇంకో చిక్కు. బ్లాక్ పాడైతే స్క్రాప్‌లో ఇంకోటి తెచ్చి వేస్తాం, ఖర్చు తక్కువ అని ఆ షాపువాళ్లే తర్వాత ఫోన్ చేశారు. ఇంజిన్ నంబరు ఉండేది బ్లాక్ మీదే. ఆర్‌సీలో ఉన్న నంబరు వేరు, బండిలో ఉన్నది వేరు అయితే రేపు ఇన్సూరెన్స్ దగ్గరా, అమ్మేటప్పుడూ ఇరుక్కునేది మనమే. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజిన్ మార్పు ఆర్‌టీఓ దగ్గర నమోదు కావాలి. అందుకే ఖర్చైనా నా బ్లాక్‌కే కొత్త స్లీవ్‌లు (సిలిండర్ లోపలి గొట్టాలు) వేయిస్తున్నాను.

నా దగ్గర జీఎస్‌టీ బిల్లు లేదు. తెల్ల స్లిప్పు, యూపీఐ చెల్లింపులు, వాట్సాప్ మెసేజ్‌లు, విప్పినప్పుడు తీసిన వీడియో ఉన్నాయి. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయొచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ముందు ఫిర్యాదు నమోదు చేశాను. ఇలాగే కోటింగ్ వేసిన పిస్టన్లు ఎవరికైనా అంటగట్టి ఉంటే పాత సామాను పారేయకండి, ఫొటోలు తీసి పెట్టుకోండి. నావి నాలుగూ గోనెసంచిలో కట్టి, తేదీ రాసి ఇంట్లో పెట్టాను.