ఖాన్ అకాడమీ: ఇంటి చదువుకి ఎంతవరకు పనికొస్తుంది?

మా పిల్లలిద్దరూ ఇంట్లోనే చదువుకుంటున్నారు. చదువుకని పక్కన పెట్టే డబ్బు నోటు పుస్తకాలకీ ఇంటర్నెట్‌కీ సరిపోతే అదే గొప్ప. అందుకే లెక్కల భారం మొత్తం ఖాన్ అకాడమీ అనే ఆన్‌లైన్ చదువుల సైట్ మీద వేశాను. అంతకుముందు వాడిన ఒక యాప్ మావాడు మంచి ఊపులో ఉన్నప్పుడే ఆపేసి, ప్రీమియం తీసుకోమనేది. ఇక్కడ ఆ టెన్షన్ లేదు. లాభం కోసం నడిచే సంస్థ కాదు, ప్రకటనలు రావు, లెక్కల కోర్సులు పూర్తిగా ఉచితం.

అందరూ వీడియోల గురించే చెబుతారు గానీ, నాకు పనికొచ్చింది అభ్యాసాలు. ఒక్కో అంశానికి కొన్ని ప్రశ్నలు ఇస్తుంది. అన్నీ సరిగ్గా చేస్తే ‘ప్రొఫిషియెంట్’ అనే స్థాయి ఇస్తుంది. దాని పైస్థాయి ‘మాస్టర్డ్’ రావాలంటే తర్వాత యూనిట్ టెస్టులో మళ్లీ నిలబడాలి. అక్కడ తప్పితే స్థాయి కిందికి దిగుతుంది. మావాడు దీనికి గొడవ చేస్తాడు, నాకు మాత్రం ఇదే నచ్చింది. నిన్న వచ్చి ఇవాళ మర్చిపోయిన లెక్క వచ్చినట్టు ఎలా అవుతుంది?

హింట్ నొక్కితే ఒక్కో మెట్టూ విడమరిచి చూపిస్తుంది. చివరికి జవాబు కూడా చెప్పేస్తుంది, కానీ ఆ ప్రశ్న ఒప్పు కింద లెక్కకు రాదు. మార్కులు పోయినా సరే, తొందరగా అయిపోతే చాలనుకునే పిల్లలు గబగబా హింట్లన్నీ తెరిచేస్తారు. పెద్దవాళ్లు పక్కన లేకపోతే ఇది పాఠం కాదు, వేలి కసరత్తు.

ఇంకో సంగతి. స్క్రీన్ చూసేది జవాబునే. మావాడు 1/3కి 1/4 కలిపి 2/7 అన్నాడు. తప్పని స్క్రీన్ చెప్పింది. పైవి పైవీ, కిందవి కిందవీ కలిపేశాడని మాత్రం నోటు పుస్తకం చూస్తేనే తెలిసింది. ఒకే పొడవున్న కాగితం ముక్కలు మడతపెట్టి పన్నెండు భాగాలు చేసి చూపించాక 7/12 ఎలా వచ్చిందో పట్టుకున్నాడు. అందుకే మా ఇంట్లో నోటు పుస్తకం తెరవకుండా ల్యాప్‌టాప్ తెరవడం లేదు.

తల్లిదండ్రుల ఖాతాలో పిల్లలు ఏం చేశారో, ఎక్కడ ఆగారో కనిపిస్తుంది. రోజూ అడిగి విసిగించే పని తప్పింది.

చిన్నదానికి ఖాన్ అకాడమీ కిడ్స్ అని వేరే యాప్ ఉంది, 2 నుంచి 8 ఏళ్ల వాళ్లకి. అదీ ఉచితమే. కోడి అనే ఎలుగుబంటి అంటే దానికి ప్రాణం (పేరు వినగానే మా ఇంట్లో పడీ పడీ నవ్వుకున్నాం). అక్షరాలు గుర్తుపట్టడానికి బాగుంది. చేతిరాతకి మాత్రం పెన్సిలే. కథలు చదవడానికి లైబ్రరీకే వెళ్తాం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పిల్లల వయసు చూసి తరగతి ఎంచుకోవద్దు. ఒక తరగతి కిందికి వెళ్లి ‘కోర్స్ చాలెంజ్’ (కోర్సు మొత్తం మీద పెట్టే పరీక్ష) రాయించండి. ఎక్కడ ఖాళీలున్నాయో అందులోనే బయటపడుతుంది. రెండు తరగతులు కిందికి దిగాల్సి వచ్చినా, ఇంట్లో నవ్వేవాళ్లెవరూ ఉండరు కదా.