పెంబర్తిలో ధ్వజస్తంభం తొడుగు చేయిస్తే

మా పరకాల వైపు ఊళ్లో శివాలయం ధ్వజస్తంభానికి ఇత్తడి తొడుగు, రేకు మీద చేతిపనికి పేరున్న పెంబర్తిలో చేయించాం. మన వరంగల్ దిక్కు నుంచి వెళ్తే జనగామ దాటగానే హైవే మీదే ఊరు. కొట్టు పేరు రాయను, ఎందుకో చివర్లో తెలుస్తుంది.

అద్దాల్లో మెరిసే పోత విగ్రహాలు చూపిస్తే, "అవి మావి కావు సారూ, బయటి సరుకు" అని కొట్టాయనే చెప్పేశాడు. అక్కడే నమ్మకం కుదిరింది. తమ పని ఎట్లా గుర్తుపట్టాలో కూడా ఆయనే చూపించాడు: "ఎనుకకు తిప్పి చూడుండ్రి, సుత్తి దెబ్బలు కనపడాలె." వెనుక షెడ్డులో రేకును కాల్చి మెత్తబరిచి, లక్క ముద్ద మీద పరిచి, ఉలితో నంది మూపురం లేపుతున్నారు. లక్క మరీ గట్టిపడితే రేకు చిరుగుతుందట, మెత్తబడితే గీత నిలవదట. కాకతీయుల కాలం నుంచి గుళ్లకూ రథాలకూ తొడుగులు చేసిన చేతులివి. నిజాం జమానాలో పాన్‌దాన్లు (తమలపాకుల పెట్టెలు), అత్తరుదాన్లు చేశాయి. 2023లో కేంద్రం ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఈ ఊరిని ఎంపిక చేసింది గానీ, మాకు మాత్రం పని చూస్తూ కూర్చోవడానికి కుర్చీ దొరకలేదు!

ధర రేకు తూకానికి ఒకటి, మజూరీ వేరే. రెండూ రసీదులో విడివిడిగా రాయించుకోండి. చందాతో పాటు మా ఊరోళ్లు పాత బిందెలు, చెంబులు కూడా ఇచ్చారు. వాటిని కరిగించి స్తంభానికే వాడతారనుకున్నారు. కాదు, పని కొత్త రేకు మీదే. పాత ఇత్తడిని తూచి బిల్లులో తగ్గిస్తారు. తన పెళ్లి బిందె గుడికి అతుక్కుంటుందని ఆశపడ్డ ముసలమ్మలకు ఈ సంగతి సర్దిచెప్పడానికి మా సర్పంచికి తలప్రాణం తోకకొచ్చింది.

పనికి మాత్రం వంక పెట్టలేం. గణపతి తొండం మీద ముడతలు కూడా కొట్టారు. పైన మూడు పలకలకు చిరుగంటలు, గాలికి మోగుతాయి. టైమే ఘోరం. శివరాత్రికి వారం ముందే ఇస్తామన్నవాళ్లు ముందురోజు రాత్రి బొలెరోలో దింపారు. కమిటీ మొత్తానికి టెన్షన్. బిగించే మనుషులు బండిలోనే రాబట్టి గట్టెక్కాం. కార్తీకం, శివరాత్రి దగ్గరుంటే ఆర్డర్ చాలా ముందే ఇవ్వండి, అడ్వాన్స్ ఒకేసారి మొత్తం కట్టకండి. మెరుపు కోసం పైన పూత వేస్తారు, చింతపండుతో తోమారంటే అది పోతుంది.