నెమలి నాణెం కొనేముందు నా 15,500 రూపాయల కథ చదవండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత నాణేలు సేకరించే మనవాళ్ళందరికీ ఈ మాట చేరాలి. ఒక్కో నాణేన్నీ చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పక్కన ముత్యాల్లాంటి చేతిరాతతో దేశం, రాజు, సంవత్సరం రాసిన చీటీ ఉంచిన ఆల్బం పట్టుకుని ఒకాయన తిరుగుతున్నాడు. యాభై దాటిన మనిషి. తెలుగు, ఒడియా రెండూ ధారాళంగా మాట్లాడతాడు. పేరు ఇక్కడ రాయను. ఆల్బం మాత్రం గుర్తుపెట్టుకోండి: ముదురు ఆకుపచ్చ అట్ట, లోపల ప్రపంచమంతా ఉంటుంది.

నేను అతని దగ్గర ఆరు నాణేలు కొన్నాను. మొత్తం 15,500. పదివేలు చేతికిచ్చాను, మిగతాది ఫోన్‌లో పంపాను. ఏడో నాణెం కొసరు. దాని సంగతి తర్వాత చెప్తాను.

అసలు పొరపాటు నాది. మాటల్లో మాటగా మా తాతయ్య గోపాలపురం రేవులో ఓడెక్కి రంగూన్ వెళ్ళాడనీ, అక్కడ బియ్యం మిల్లులో చేశాడనీ చెప్పాను. గంజాం జిల్లాలో ఇలాంటి తాత లేని తెలుగు ఇల్లు తక్కువే కదా. అతను వెంటనే ఏమీ అనలేదు. టీ తాగాడు, నాలుగు పేజీలు తిప్పాడు, అప్పుడు వేలు పెట్టి చూపించాడు. "రంగూన్ తాత మనవడివి, ఇది నీకు తెలీకపోతే ఎలా బావూ? మిండాన్ రాజు నెమలి కాసు." పురి విప్పిన నెమలి, చుట్టూ బర్మా అక్షరాలు. నా నోట్లోంచి వచ్చిన మాటనే చీటీ కట్టి నాకే అమ్మాడన్నమాట. అప్పుడు నాకు ఆ ఆలోచనే రాలేదు. కళ్ళ నిండా నెమలే.

మరీ గుడ్డిగా కొన్నానని అనుకోకండి. నాణేలు గుర్తుపట్టే యాప్ ఒకటి నా ఫోన్‌లో ఉంది. ఫోటో తీస్తే బర్మా, ఒక క్యాట్ (అక్కడి డబ్బు పేరు), మిండాన్ అని చెప్పేసింది. కింద ధర కూడా చూపించింది, అతను అడిగిన దానికంటే ఎక్కువే. ఇంకేం కావాలి! 6,500 ఇచ్చేశాను. ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తోంది. యాప్ చూసేది బొమ్మని. నకిలీ చేసేవాడు పోలిక తెప్పించేదీ ఆ బొమ్మకే. నకిలీ ఎంత బాగా కుదిరితే యాప్ అంత గట్టిగా అవునంటుంది. ఈ నాణెం తన పేరు ఏమని చెప్పుకుంటోందో అది చదివి వినిపిస్తుంది, అంతే. చెప్పుకునేది నిజమో కాదో దానికి అనవసరం. చీటీ కూడా అంతే.

ఇంటికి తెచ్చాక మా అమ్మ పూజ గదిలోంచి రెండు వెండి రూపాయలు తీసి పక్కన పెట్టింది. ఒకటి విక్టోరియా రాణిది, ఒకటి అయిదో జార్జిది. దీపావళికి లక్ష్మీ పూజలో పెట్టేవి. "ఒరేయ్, ఇవి చేతిలో బరువుగా ఉన్నాయి, నీది తేలిగ్గా ఉందేమిట్రా?" అంది. ఆవిడ బళ్ళో చదివింది అయిదో తరగతి వరకే.

మిండాన్ వెండి క్యాట్‌ని మన బ్రిటిష్ ఇండియా రూపాయి కొలతకే కొట్టారు. అంటే 11.66 గ్రాములు. అరిగితే పదో పరకో పాయింట్లు తగ్గొచ్చు. మా వీధి చివర కంసాలి దగ్గర తూకం వేస్తే అమ్మ విక్టోరియా రూపాయి 11.54 వచ్చింది. నా నెమలి 9.92. గ్రాముకి పైగా తక్కువ, అదీ అరుగుదల కనిపించని నాణెం. ఆయన గీటురాయి మీద గీసి, యాసిడ్ చుక్క వేసి, ఒక్కమాటలో తేల్చేశాడు: "జర్మన్ సిల్వర్ బాబూ. పేరులోనే వెండి." రాగి, నికెల్, జింకు కలిపిన లోహం అది. అయస్కాంతానికి అంటుకోదు. కాబట్టి అయస్కాంతం పెట్టి చూశాం, అంటుకోలేదు, వెండే అని నమ్మకండి. అంటుకుంటే నకిలీ అని తేలుతుంది. అంటుకోకపోతే ఏమీ తేలదు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఇంకోటి ఉంది, గీతలు పడకుండా. నూరో వంతు గ్రాము చూపించే బుల్లి తూకం మిషన్ నాలుగైదు వందలకి దొరుకుతుంది. దాని మీద నీళ్ళ గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకి తగలకుండా నీళ్ళలో పూర్తిగా మునిగేలా చేత్తో వేలాడదీయండి. మిషన్ చూపించే అంకెతో నాణెం అసలు బరువుని భాగించండి. అమ్మ రూపాయికి నీళ్ళలో 1.12 చూపించింది. 11.54ని 1.12తో భాగిస్తే 10.3. నూటికి 91.7 పాళ్ళు వెండి ఉన్న రూపాయికి రావాల్సింది అదే. నా నెమలికి 1.14, అంటే 8.7. కంసాలి మాట నీళ్ళు కూడా ఒప్పుకున్నాయి.

తేదీ సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అతని వ్యాపారమంతా తేదీల మీదే నడుస్తోంది. నెమలి నాణెం మీద 1214 అని బర్మా అంకెల్లో ఉంటుంది. మన తెలుగు అంకెలు వచ్చినవాళ్ళకి అవి దూరపు చుట్టాల్లా కనిపిస్తాయి, కాస్త ప్రయత్నిస్తే పట్టుబడతాయి. అది బర్మా శకం. 638 కలిపితే 1852. మిండాన్ గద్దెనెక్కిన ఏడు 1852-53లో పడుతుంది. నాకు చూపించిన చీటీ మీద మాత్రం '1214 - పగాన్ రాజుల కాలం' అని ఉంది! అదే చీటీలో పైన మిండాన్ పేరు. ఆరు వందల ఏళ్ళ తేడా ఉన్న రెండు మాటలు ఒకే చీటీ మీద చూసి కూడా నేను పైసలు తీశాను.

టర్కీ సుల్తాన్ నాణెం ఇంకా తమాషా. నికెల్‌తో చేసిన గుండ్రటి పారా కాసు, మిషన్ మీద కొట్టింది. 1327 అని అరబ్బీ అంకెల్లో ఉంది. "ఢిల్లీలో తుగ్లక్ ఏలుతున్న రోజులనాటిది బావూ" అని 1,200 తీసుకున్నాడు. అది హిజ్రీ సంవత్సరం. హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే మన లెక్కలో దగ్గరి సంవత్సరం వస్తుంది: 1909. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఒట్టోమాన్, అంటే టర్కీ సుల్తానుల, నాణేల మీద పెద్దగా కనిపించే ఆ సంవత్సరం సుల్తాన్ గద్దెనెక్కినది. నాణెం ఏ ఏడు కొట్టారో చెప్పే అంకె వేరే చోట చిన్నగా ఉంటుంది. నా దాని మీద 4 ఉంది, అంటే ఏలుబడి నాలుగో ఏడు, సుమారు 1912. అయిదో మెహమ్మద్ కాలం. నాణెం అసలుదే, కానీ చాలా మామూలుది. ఏడు వందల ఏళ్ళని చెప్పి నూరు చిల్లర ఏళ్ళ కాసుని అంటగట్టాడు.

'సయాం, 1800ల కాలం' అని 800కి అమ్మింది థాయ్‌లాండ్ ఒక బాత్. మీద 2505 అని ఉంది, అది బౌద్ధ శకం. 543 తీసేస్తే 1962. మా మేనత్త పెళ్ళయిన ఏడు! ఆ నాణేలు కోట్లలో కొట్టారు. నేపాల్ నాణేలు కూడా ఆ ఆల్బంలో చాలా ఉన్నాయి, వాటి మీద ఎక్కువగా ఉండేది విక్రమ శకం, 57 తీసేసి చూసుకోండి.

అమెరికా ట్రేడ్ డాలర్‌కి మూడు వేలు పెట్టాను. దాని మీద 1871 అని ఉంది. ట్రేడ్ డాలర్ పుట్టిందే 1873లో. చైనాతో వ్యాపారం కోసం 27.22 గ్రాముల వెండితో చేసింది అది. నాది 20.4 గ్రాములు. అయస్కాంతం పెట్టగానే టక్కున అంటుకుంది. 

మరియా థెరెసా థాలర్ విషయంలో అతన్ని పూర్తిగా మోసగాడని కూడా అనలేను. 1780 అని ఉన్న పెద్ద వెండి నాణెం, 28 గ్రాములు సరిగ్గా తూగింది, కంసాలి కూడా వెండే అన్నాడు. కానీ ఆ ఆస్ట్రియా రాణి 1780లో చనిపోయింది. ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకి పైగా అదే సంవత్సరంతో అదే నాణేన్ని కొడుతూనే ఉన్నారు. ఎర్ర సముద్రం చుట్టుపక్కల వ్యాపారులు ఆ ముఖం, ఆ తేదీ ఉంటేనే నమ్మి తీసుకునేవారట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మన బొంబాయి టంకశాలలో కూడా కొట్టారు. నాది చెక్కుచెదరకుండా మెరుస్తోంది. వెండి నిజం, వయసు అబద్ధం. వెండి ధర చూసి కొనాల్సినదాన్ని వయసు చూసి 3,500కి కొన్నాను.

ఇక అమ్మ కోసమని తీసుకున్నది రామ దర్బార్ నాణెం, 500. '1818 ఈస్టిండియా కంపెనీ అణా' అని చీటీ. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు. కంపెనీ ఇలాంటి అణాలు ఎప్పుడూ వేయలేదు. ఇవి గుళ్ళ ముందు, తిరనాళ్ళలో అమ్మే బిళ్ళలు. కంపెనీ నాణేల మీద దేవుళ్ళే లేరా అంటే ఉన్నారు. మద్రాసు వరహాల మీద స్వామివారి బొమ్మ ఉంటుంది, మద్రాసు వెండి నాణేల మీద తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. అవి వేరు, ఇవి వేరు. ఈ రామ దర్బార్ బిళ్ళలకే బియ్యాన్ని లాగే శక్తి ఉందని చెప్పి, ఇనుప పొడి పట్టించిన బియ్యంతో ఆట చూపించి లక్షలు గుంజే ముఠాలు మన వైపు తిరుగుతుంటాయి. ఇతను నాతో ఆ మాట ఎత్తలేదు కానీ, "పూజలో పెట్టండమ్మా, తేడా మీకే తెలుస్తుంది" అని అమ్మతో గొణిగాడు. అమ్మ పెట్టింది. తేడా ఏమీ తెలియలేదు, విక్టోరియా రాణి పక్కన పచ్చగా చిలుం పట్టడం తప్ప.

కొన్ని నాణేలు చూపించేటప్పుడు గొంతు తగ్గించి, "రాయగడ అవతల పొలం దున్నుతుంటే బయటపడ్డాయి" అంటాడు. వందకి తొంభై తొమ్మిది పాళ్ళు అది కట్టుకథే. నిజమైతే ఇంకా ప్రమాదం. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. తక్కువలో దొరుకుతోందని అలాంటిది కొని పోలీసు స్టేషన్ చుట్టూ తిరగడం ఎందుకు?

నష్టం అక్కడితో ఆగేదే. థాలర్ అమ్మేద్దామని ఫోటో ఆన్‌లైన్‌లో పెట్టాను. రెండో రోజే ఫోన్. "సార్, మీ కాయిన్‌కి మూడు లక్షలు వచ్చాయి, రిజర్వ్ బ్యాంక్ రిజిస్ట్రేషన్‌కి 1,250 పంపండి." వాట్సాప్‌లో బ్యాంక్ ముద్ర ఉన్న కాగితం కూడా పంపాడు. అప్పటికే కాలి ఉన్నాను కాబట్టి సరిపోయింది. పాత నాణేల కొనుగోలు, అమ్మకాల కోసం తాము ఎవరి దగ్గరా ఛార్జీలు గానీ కమిషన్లు గానీ తీసుకోమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. మా ఎదురింటి పిన్నిగారు మాత్రం వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకి పది లక్షలు వస్తాయని రెండుసార్లు డబ్బు పంపింది. 2012 అని సంవత్సరం ఉన్న మామూలు స్మారక నాణెం అది, చిల్లరలో దొరుకుతుంది. ఫోన్‌లో డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

నేను ఆల్బం ఆయనకి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తాడు. "నాణెం మీద ఉన్నదే కదా బావూ నేను చీటీ మీద రాసింది. నేనేమైనా సొంతంగా రాశానా?" అన్నాడు. టర్కీ నాణెం విషయంలో, నిజం చెప్పాలంటే, అది నిజమే. రెండోసారి నుంచి స్విచ్ ఆఫ్.

ఇప్పుడు కొసరు సంగతి. బేరం అయ్యాక చిల్లర డబ్బాలోంచి నల్లబడిన రాగి కాసు ఒకటి తీసి, "ఉంచు బావూ, పాత పైసా" అని నా చేతిలో పడేశాడు. దానికి చీటీ కూడా లేదు. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి చూస్తే రూపాయికి నలభై ఎనిమిది అని ఇంగ్లీషులో ఉంది, 1797 అని సంవత్సరం కూడా ఉంది. ఉత్తర సర్కారుల కోసం కంపెనీ వాళ్ళు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో కొట్టించి ఓడల్లో తెప్పించిన నాణెం. గంజాం అప్పుడు ఉత్తర సర్కారుల్లోదే. ఒడిశాలో కలిసింది 1936లో కదా. అంటే ఇదే బజారులో చేతులు మారిన కాసు. తూకం వేశాను, అంచు చూశాను, భూతద్దం కింద పోత పోసిన బుడిపెలు ఎక్కడా లేవు. నాకు ఇచ్చినవాటన్నిటిలో నిజంగా పాతదాన్ని అతను ఊరికే ఇచ్చేశాడు. ప్రపంచమంతా చీటీలు రాసిన మనిషికి సొంత జిల్లా కాసు తెలియలేదు.

చివరగా, ఈ పోస్టు ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, మొన్న ఇచ్ఛాపురంలో మా బావమరిది స్నేహితుడి ఇంటికి వెళ్ళాను. ఆయనా ఒక నెమలి చూపించాడు, ఏడు వేలకి కొన్నాడట. నాది జేబులోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టాం. నెమలి తోక కింద, ఎడమ పక్కన, గోరుతో గీసినట్టు ఒక గీత. రెండింటికీ అదే చోట, అదే పొడవు. చేతులు మారిన నాణేలకి దేని దెబ్బలు దానికి తగులుతాయి. ఒకే గీత రెండింటికీ ఉందంటే రెండూ ఒకే అచ్చులోంచి వచ్చినవే. ఫోటో కింద పెట్టాను, గీత దగ్గర ఎర్ర గుండ్రం చుట్టాను. ఆ గీత ఉన్న మూడో నెమలి ఎవరింట్లోనైనా ఉంటే, ఎక్కడ, ఎప్పుడు కొన్నారో రాయండి. అందరం కలిసి ఫిర్యాదు ఇద్దాం.