వెల్లుల్లి నూనె క్యాప్సూల్స్: లేబుల్ మీదున్న గొప్ప డబ్బాలో లేదు

ఆన్‌లైన్‌లో తెప్పించిన వెల్లుల్లి నూనె క్యాప్సూల్స్ ఇవి, కంపెనీ పేరు రాయను. "బ్యాక్టీరియా మధ్య సమాచారాన్ని అడ్డుకుంటుంది, యాంటీబయాటిక్‌కు సహజ ప్రత్యామ్నాయం" అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేశారు. ఆ రెండో ముక్క చూసే నాకు ఒళ్లు మండింది.

మొదటి ముక్కలో నిజముంది. బ్యాక్టీరియా చిన్న చిన్న రసాయనాలు బయటికి వదులుతుంటాయి, గుంపు పెరిగేకొద్దీ ఆ రసాయనం చిక్కబడి ఒక స్థాయి దాటగానే అన్నీ ఒక్కసారిగా విషాలు తయారుచేయడమో జిగురు పొర కట్టుకోవడమో మొదలుపెడతాయి. కోరమ్ సెన్సింగ్ అంటే ఇదే. వెల్లుల్లిలోంచి వచ్చే అజోయిన్ అనే రసాయనం, ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ తెచ్చే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాలో దీన్ని దెబ్బతీస్తుందని 2012లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. మా ల్యాబ్‌లో క్రోమోబ్యాక్టీరియం (కోరమ్ సెన్సింగ్ నడిస్తేనే ఊదా రంగు తయారుచేసే బ్యాక్టీరియా) పెంచిన ప్లేటు మీద వెల్లుల్లి రసంలో తడిపిన బిళ్ల పెడితే, ముదురు ఊదా పొరలో దాని చుట్టూ పాలిపోయిన వలయం ఏర్పడుతుంది. దగ్గరగా చూస్తే ఆ వలయంలో బ్యాక్టీరియా చావలేదు, పెరుగుతూనే ఉంది, రంగు తయారుచేయడం మాత్రం మానేసింది. ఎన్నిసార్లు చూసినా ముచ్చటేస్తుంది నాకు.

కానీ ప్లేటు వేరు, మనిషి ఒళ్లు వేరు. బ్రిటన్‌లో సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకుని సూడోమోనాస్ లాంటివి తిష్ఠ వేసే పుట్టుజబ్బు) ఉన్న 26 మందితో 8 వారాలు వెల్లుల్లి క్యాప్సూల్స్ ట్రయల్ చేసి 2010లో ఫలితాలు ప్రచురించారు. ఆలివ్ నూనె క్యాప్సూల్ వేసుకున్నవాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చిన్న ట్రయలే, అయినా "ప్రత్యామ్నాయం" అని అచ్చేసే ముందు అదైనా చూడాలి కదా!

అసలు అజోయిన్ దంచిన వెల్లుల్లిని నూనెలో నానబెడితే వస్తుంది, ఆవిరి పట్టి తీసిన నూనెలో దాదాపు ఉండదు. ఇందులో ఏ నూనె ఉందో, అజోయిన్ ఎంతో లేబుల్ మీద ఎక్కడా లేదు. కస్టమర్ కేర్‌ని అడిగితే "హండ్రెడ్ పర్సెంట్ నేచురల్ మేడమ్" అన్నారు, అంతే. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగాలన్న హెచ్చరిక కూడా లేదు, ఇది మాత్రం క్షమించలేను.

మింగడం తేలికే, వాసన తేన్పులు కూడా పెద్దగా రావు. ఐదుకి రెండు ఇస్తున్నా. తయారీ పద్ధతి, అజోయిన్ మోతాదు లేబుల్ మీద వేస్తే మళ్లీ కొంటాను, రేటింగూ మారుస్తాను. ఈలోగా ఎవరూ డాక్టర్ రాసిచ్చిన కోర్సు మధ్యలో ఆపేసి దీని మీద ఆధారపడొద్దు, ప్లీజ్.