ఒకే బండికి నాలుగు కంపెనీల డబ్బాలు: హార్డెనర్ మాత్రం క్లియర్ కంపెనీదే వాడండి

కారు పెయింటుకి పుట్టీ నుంచి, మెరుపు కోసం పైన కొట్టే రంగులేని క్లియర్ దాకా ఒకే కంపెనీ సరుకు వాడేది షోరూమ్ వాళ్లే. మా విజయవాడ ఆటోనగర్ షెడ్డుల్లో పుట్టీ ఒకరిది, ప్రైమర్ ఇంకొకరిది, రంగు కలిపించేది మరో చోట, క్లియర్ ఆ రోజు ఏది దొరికితే అది. ఏళ్ల తరబడి నేనూ ఇలాగే చేస్తున్నాను, ఇకముందూ చేస్తాను. కానీ ఒక కంపెనీ క్లియర్‌లో, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ ఇంకో కంపెనీది పోయమంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. "అన్నీ 2కే కదన్నా, ఏదైతే ఏంటి" అని కౌంటర్ దగ్గర చెప్పే మాట ఉంది చూశారూ, దాని వల్ల పోయిన పని నా కళ్లముందు ఉంది. 2కే అంటే హార్డెనర్ కలిపి కొట్టే రెండు డబ్బాల రకం.

నల్ల కారు, ఫుల్ బాడీ పెయింటు. డోర్లు, ఫెండర్లు, డిక్కీ అయిపోయాయి. బానెట్ మిగిలి ఉండగా హార్డెనర్ అయిపోయింది. సరుకు కొట్టతను అదే క్లియర్ పంపాడు గానీ, హార్డెనర్ మాత్రం వేరే కంపెనీది అంటగట్టాడు. క్లియర్ డబ్బా మీద 4:1 (నాలుగు వంతుల క్లియర్‌కి ఒక వంతు హార్డెనర్) అని ఉంది, హార్డెనర్ డబ్బా మీద 2:1. ఏ డబ్బా మాట వినాలి? ఫోన్ చేస్తే "4:1 పోసేయండి, ఏం కాదు" అన్నాడు. ఓనరుకు విషయం చెప్పాను. తెల్లారితే ఆ బండి పెళ్లికి వెళ్లాలి. "కానివ్వండి, తర్వాత చూద్దాం" అన్నాడాయన.

కొట్టినప్పుడు తేడా ఏమీ తెలియలేదు. బానెట్టే ఇంకా బాగా మెరిసింది. వారం దాటాక బండి తిరిగొస్తే, డోరు మీద గోరు నొక్కితే ఏమీ లేదు, బానెట్ మీద ముద్ర పడింది. థిన్నర్ తడిపిన గుడ్డతో తుడిచి చూశాం. డోరు మీద గుడ్డ శుభ్రంగా వచ్చింది, బానెట్ మీద జిగురు పట్టి మెరుపు చచ్చిపోయింది. వానాకాలానికి పిట్ట రెట్ట పడ్డచోటల్లా మచ్చ దిగింది. ఒకే కారు, ఒకే గన్, ఒకే క్లియర్. మారింది హార్డెనర్ ఒక్కటే. పైన రబ్బింగ్ చేసి ఇంకో క్లియర్ కొడదామంటే వాటర్ పేపర్ బంక పట్టి జారిపోయింది. చివరికి ప్రైమర్ దాకా గీకాం. కొట్టతను క్లియర్ కంపెనీ మీదికి తోశాడు. ఆ కంపెనీ మనిషి వచ్చి, రెండు డబ్బాలూ చూసి, "హార్డెనర్ మాది కాదు" అని వెళ్లిపోయాడు. అతన్నీ అనలేం.

క్లియర్ గట్టిపడేది ఆరి కాదు, అందులోని ఎక్రిలిక్ రెజిన్‌కి హార్డెనర్‌లోని ఐసోసైనేట్ అనే రసాయనం ముడిపడితే. ఆ ఐసోసైనేట్ ఎంత ఉండాలో ప్రతి కంపెనీ తన రెజిన్‌కి సరిపడా లెక్క కట్టుకుంటుంది. 2:1 సెట్టు హార్డెనర్‌లో అది మామూలుగా పలచగానే ఉంటుంది. దాన్ని 4:1 కొలతలో పోస్తే పని సగం ఉడికినట్టే. అలాగని ఎక్కువ పోస్తే సరిపోతుందా అంటే ఆ కొలత ఏ కంపెనీ రాసిస్తుంది? ఎపాక్సీ ప్రైమర్ హార్డెనరయితే అందులో ఉండేది మామూలుగా ఐసోసైనేటే కాదు, అమీన్ అనే వేరే రసాయనం. డబ్బాలు మాత్రం చూడటానికి ఒకేలా ఉంటాయి.

మిగతా కలగలుపుల మీద నాకు పేచీ లేదు. ఒకరి 2కే ప్రైమర్ బాగా ఆరి, రబ్బింగ్ అయ్యాక దాని మీద ఇంకొకరి బేస్, అంటే రంగు పొర, చక్కగా నిలుస్తుంది. ఒకరి బేస్ మీద ఇంకొకరి క్లియర్ కూడా నిలుస్తుందని నేను మొదట్లో నమ్మలేదు. అలా కొట్టిన బళ్లు ఎండల్లో తిరిగి తిరిగి వచ్చినా పొర లేవలేదు. అప్పట్నుంచి అడిగినవాళ్లందరికీ "భయం లేదు, కొట్టేయండి" అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట తళుకు లేని సాలిడ్ రంగులకే చెబుతున్నాను. సిల్వర్, పెర్ల్ మీద వేరే క్లియర్ మొదటి కోటే తడిగా పడితే, అందులోని థిన్నర్ బేస్‌ని నానబెట్టి మచ్చలు మచ్చలుగా చేస్తుంది. పలచగా ఒక కోటు వేసి, ఆగి, తర్వాత నిండుగా కొట్టాలి. డ్రమ్ముల్లో అమ్మే లోకల్ ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ పెయింటుకి వాడే) థిన్నర్‌ని 2కేలో పోయొద్దు. అందులో ఉండే ఆల్కహాల్ హార్డెనర్‌ని తినేస్తుంది. గన్ కడుక్కోడానికి మాత్రం భేషుగ్గా ఉంటుంది.

నాది బూత్ (పెయింటు కొట్టి వేడితో ఆరబెట్టే మూసిన గది) లేని షెడ్డు, ఎండే నాకు హీటర్. 60 డిగ్రీల్లో బేక్ చేసేవాళ్ల అనుభవం వేరుగా ఉండొచ్చు. పాత స్కూటర్‌కి ఒక సీజన్ మెరుపు చాలనుకుంటే మీరు ఏం కలిపినా నేనేమీ అనను. నల్ల కారు, ఇన్సూరెన్స్ పని అయితే మాత్రం క్లియర్, దాని హార్డెనర్, దాని థిన్నర్ మూడూ ఒకే కంపెనీవి కొంటాను. హార్డెనర్ చిన్న డబ్బాలే తీసుకుంటాను, మూత తీసి ఉంచితే గాలిలో తేమ పీల్చి పాడవుతుంది. అదే కంపెనీది దొరకని రోజు పని ప్రైమర్ దాకా చేసి ఆపేస్తాను. బేస్ కొట్టి రోజుల తరబడి ఉంచితే క్లియర్ పట్టు తగ్గుతుంది.