ఇసెనా, ఇజుమోనా: ఏ షింటో ఆలయానికి వెళ్లాలి?

జపాన్‌లో ఒక్క పాత షింటో (జపాన్ సంప్రదాయ మతం) ఆలయానికే టైమ్ ఉంటే పోటీ ఈ రెండింటి మధ్యే.

దారి: ఇసెకు నగోయా నుంచి రైల్లో గంటన్నర. ఇజుమో దూరాభారం, టోక్యోలో రాత్రి రైలెక్కితే దాదాపు 12 గంటలు.

ఖర్చు: దర్శనం రెండుచోట్లా ఉచితం. తేడా అంతా ఛార్జీల్లోనే.

దేవుళ్లు: ఇసెలో సూర్యదేవత అమతెరాసు. ఇజుమోలో ఒకునినుషి, సంబంధాలు కుదిర్చే దేవుడని పేరు. ఇక్కడ మొక్కేటప్పుడు చాలా ఆలయాల్లోలా రెండు కాదు, నాలుగు చప్పట్లు కొట్టాలి.

అసలు తేడా చరిత్రలో ఉంది. ఇసె గుడిని 20 ఏళ్లకోసారి పక్క స్థలంలో కొత్తగా కడతారు. ఈ ఆనవాయితీ 690లో మొదలైంది; యుద్ధాల కాలంలో వందేళ్లకు పైగా ఆగింది కూడా. పోయినసారి 2013, మళ్లీ 2033. అంటే పాతది పద్ధతే, కలప కాదు. పైగా కంచెల వెనక కప్పు తప్ప పెద్దగా కనిపించదు, గర్భాలయం దగ్గర ఫోటోలు తీయనివ్వరు. ఇజుమోలో 1744 నాటి ప్రధానాలయం 24 మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. ఒకప్పుడు 48 మీటర్లుండేదన్న మాటను చాలామంది నమ్మలేదు. 2000లో తవ్వితే మూడేసి దుంగలు కలిపి కట్టిన భారీ స్తంభాల మొదళ్లు బయటపడ్డాయి! ఎత్తు ఇంకా తేలలేదు గానీ వాదన బలపడింది.

క్యోటో, నగోయా చుట్టేవాళ్లకు ఇసె సులువు. చరిత్ర పిచ్చి ఉండి, ఒక రాత్రి బస చేయగలిగితే ఇజుమో. నా ఓటు దానికే.