గదిలో ఎదురుగానా, తెర మీదనా? వ్యక్తి కేంద్రిత కౌన్సెలింగ్‌కు ఏది మేలు?

విశాఖపట్నంలో మొదటిసారి కౌన్సెలింగ్ తీసుకోవాలనుకునేవారు సాధారణంగా రెండు ప్రశ్నలు కలిపి అడుగుతారు. ఆన్‌లైన్‌లో మాట్లాడితే సరిపోతుందా, లేక ద్వారకానగర్‌కో ఎంవీపీ కాలనీకో వెళ్లి ఎదురుగా కూర్చోవాలా అన్నది ఒకటి. ఇంతకీ ఆ కౌన్సెలర్ చేసేదేమిటన్నది రెండోది. రెండోదానికి జవాబు తెలియకుండా మొదటిదాన్ని తేల్చలేము, ఎందుకంటే కౌన్సెలింగ్‌లో పద్ధతులు చాలా ఉన్నాయి, ఒక పద్ధతికి తెర అడ్డు కాకపోయినా మరొక పద్ధతికి కావచ్చు. ఇక్కడ తూచి చూస్తున్నది వ్యక్తి కేంద్రిత కౌన్సెలింగ్‌ను. ముందే చెప్పాలంటే, దీని విషయంలో ఇంటర్నెట్ వేగం కన్నా మీ ఇంట్లో గడియ పెట్టుకోగలిగిన గది ఒకటి ఉందా లేదా అన్నదే ఎక్కువ తేడా చూపిస్తుందని నా అభిప్రాయం.

ఈ పద్ధతికి ఆద్యుడు అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ (1902–1987). మనిషిలో మార్పు రావడానికి ఏమేమి ఉండాలో, ఏమేమి ఉంటే చాలునో చెబుతూ ఆయన 1957లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులోని ఆరు అంశాలలో కౌన్సెలర్ వైపు నుంచి ఉండవలసినవిగా మూడు ప్రసిద్ధికెక్కాయి: ఎదుటి వ్యక్తి లోకాన్ని అతని కళ్లతో చూడగలగడం, అతడు ఏం చెప్పినా ఆదరణ తగ్గించకపోవడం, లోపల ఒకటి బయట ఒకటిగా కాక నిజాయితీగా ఉండడం. సలహా ఇవ్వడం ఈ మూడింటిలోనూ లేదు.

కొత్తగా వచ్చేవారికి మింగుడు పడనిది సరిగ్గా ఇదే. గాజువాక నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టు ఉద్యోగి, "ఈ పని మానెయ్యమంటారా, వద్దంటారా, మీరే ఏటో ఒకటి చెప్పండి మేడం" అని అడిగాడనుకుందాం. కౌన్సెలర్ మానెయ్యమనీ చెప్పరు, ఓపిక పట్టమనీ చెప్పరు. "మానేస్తాననే మాట నోటిదాకా వస్తోంది, ఇంట్లోవాళ్లు గుర్తుకొచ్చి ఆగిపోతోంది, అలాగేనా?" అంటారు. అతడు కాసేపు ఆగి, "అది కూడా కాదండి, అసలు ఈ పనిలో చేరిందే నాన్న మాట కోసం" అంటాడు. సలహా వచ్చి ఉంటే ఈ రెండో మాట బయటపడేది కాదు. పద్ధతి మొత్తం ఆ రెండో మాట కోసమే. అయినా, కష్టం చెప్పుకోవడమంటే పెద్దల దగ్గరికి వెళ్లి ఒక దారి అడిగి రావడమే అనుకునే మనకు, మొదటి రెండు మూడు సెషన్లలో "డబ్బులు తీసుకుని నా మాటే నాకు అప్పజెబుతున్నారేమిటి" అనిపించడం వింత కాదు. అనిపిస్తే ఆ మాట కూడా అక్కడే అనవచ్చు.

దారి చూపించే పద్ధతే కావాలనుకునేవారికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది. అందులో ఆలోచనలను కాగితం మీద రాయించడం, వారం వారం ఇంటి పని ఇవ్వడం, భయపడే పనిని మెట్లు మెట్లుగా చేయించడం ఉంటాయి. వీటిలో ఏది మేలన్న ప్రశ్నకు ఇంగ్లండులోని షెఫీల్డులో 510 మందితో చేసి 2021లో ప్రచురించిన ఒక పరీక్ష కొంత జవాబు ఇస్తుంది. మధ్యస్థ, తీవ్ర స్థాయి డిప్రెషన్ ఉన్నవారిలో ఆరు నెలల దగ్గర వ్యక్తి కేంద్రిత పద్ధతి రెండోదానికి తీసిపోలేదు, కాని ఏడాది దగ్గర కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ తీసుకున్నవారి ఫలితాలే మెరుగ్గా ఉన్నాయి. ఇది ఒక దేశపు ఆరోగ్య సేవలో, ఒక జబ్బు మీద చేసిన పరీక్ష గనుక మన చోట అన్నిటికీ వర్తింపజేయలేము. అయినా, పదే పదే చేతులు కడుక్కోవడం, లిఫ్టు ఎక్కాలంటే గుండె దడ వంటి నిర్దిష్టమైన ఇబ్బంది ఉన్నవారు ముందు రెండో పద్ధతినే చూడడం మంచిదనీ, అయినవారిని పోగొట్టుకున్న దుఃఖం, పెళ్లి విషయంలో ఊగిసలాట, "నేనెందుకూ పనికిరాను" అన్న పాత భావం వంటివాటికి మొదటి పద్ధతి బాగా నప్పుతుందనీ అనుకోవడానికి ఆధారం ఉంది.

ఇక గదికీ తెరకూ మధ్య తూకం. ఈ పద్ధతిలో మాట ఎంతో మౌనమూ అంతే. ఎదురుగా కూర్చున్నప్పుడు మీరు మాట ఆపి కిటికీ వైపు చూస్తే, కౌన్సెలర్ కదలకుండా ఉంటారు. ఆ మౌనంలో తొందర పెట్టేవారెవరూ లేరన్న సంగతి మీ ఒంటికే తెలుస్తుంది. అదే వీడియోలో మీరు ఇరవై సెకన్లు మాట్లాడకపోతే, అవతలి ముఖం కూడా కదలకపోతే, అది మౌనమో నెట్ ఆగిపోవడమో తెలియదు. "హలో, వినబడుతోందాండీ?" అన్న ప్రశ్నతో, అప్పుడే పైకి వస్తున్న మాట మళ్లీ లోపలికి పోతుంది. అనుభవమున్న ఆన్‌లైన్ కౌన్సెలర్లు దీన్ని మొదటి రోజే మాట్లాడుకుంటారు: "నేను మాట్లాడకుండా ఉంటే వింటున్నానని అర్థం, అప్పుడప్పుడు తల ఊపుతాను, లైన్ తెగితే నేనే ఫోన్ చేస్తాను" అని. ఈ చిన్న ఒప్పందం జరగని చోట తెర నిజంగానే అడ్డు. చూపు విషయంలోనూ ఒక చిక్కు ఉంది. కెమెరా వైపు చూస్తే ఎదుటివారి ముఖం కనబడదు, ముఖం వైపు చూస్తే ఎక్కడో కిందికి చూస్తున్నట్టు వారికి కనబడుతుంది. పైగా మూలన కనబడే మన బొమ్మ మన ఏడుపును మనకే చూపిస్తూ ఉంటుంది. దాన్ని కనబడకుండా చేసే ఏర్పాటు చాలా యాప్‌లలో ఉంది, మొదటి పనిగా అది చేసుకోవడం మంచిది.

ఇంత చెప్పినా తెర చేసే మేలూ ఉంది. ఎదుట మనిషి లేనప్పుడు జనం మామూలుగా అననివి కూడా అనేస్తారని జాన్ సూలర్ అనే మనస్తత్వవేత్త 2004లో వివరించారు. కొందరికి అది తగాదాలకు దారి తీస్తే, కౌన్సెలింగ్‌లో సిగ్గు తగ్గడానికి పనికివస్తుంది. లైంగిక విషయాలు, చిన్నప్పటి అవమానాలు, అప్పులు వంటివి ముఖాముఖి చెప్పలేనివారు తమ గదిలో, తమ దుప్పటి కప్పుకుని చెప్పగలుగుతారు. ఫలానావారి అమ్మాయి సైకాలజిస్టు దగ్గరికి వెళ్తోందట అన్న మాట ఎవరి ద్వారానో ఇంటికి చేరుతుందన్న భయం ఉన్నవారికి, క్లినిక్ మెట్ల మీద తెలిసినవారు ఎదురుపడే అవకాశమే లేకపోవడం చిన్న లాభం కాదు. వారానికోసారి మారే ఏ, బీ, సీ షిఫ్టుల్లో పనిచేసే స్టీల్ ప్లాంటు ఉద్యోగికి ప్రతి బుధవారం సాయంత్రం సిరిపురంలో ఉండడం కుదరని పని. కూర్మన్నపాలెం నుంచి వచ్చి పోవడానికే, ఎన్ఏడీ కూడలి దగ్గర రద్దీతో కలిపి, సెషన్ కన్నా ఎక్కువ సమయం పడుతుంది.

అయితే ఆ ప్రయాణం పూర్తిగా దండగ కూడా కాదు. వచ్చేటప్పుడు ఏం చెప్పాలో మనసు సర్దుకుంటుంది, వెళ్లేటప్పుడు కదిలినది కుదుటపడుతుంది. బీచ్ రోడ్డు మీద కాసేపు నడిచి ఇంటికి వెళ్లేవారున్నారు. ఆన్‌లైన్‌లో లాప్‌టాప్ మూసిన మరుక్షణం వంటింట్లోంచి "అన్నం పెట్టేనా?" అన్న పిలుపు వస్తుంది. ఏడ్చిన కళ్లతో ఆ పిలుపుకు ఏం జవాబు చెప్పాలో తెలియక ఇబ్బంది పడేవారు ఎక్కువే. ఆన్‌లైన్ ఎంచుకున్నవారు సెషన్ తర్వాత కనీసం పావుగంట ఎవరికీ జవాబుదారీ కాకుండా ఉండేలా చూసుకోవాలి, మేడ మీదికో వీధి చివరిదాకానో వెళ్లినా సరే.

అసలు చిక్కు ఇల్లే. రెండు గదుల అద్దె ఇంట్లో అత్తమామలు, పిల్లలు, టీవీ ఉన్నచోట ఒక కోడలు తన అత్తగారి గురించి తెర ముందు ఏం మాట్లాడగలదు? గొంతు తగ్గించి, మాటలు ఏరుకుని, పేర్లు లేకుండా మాట్లాడుతుంది. కౌన్సెలర్ ఎంత శ్రద్ధగా విన్నా ఆ ఏరుకున్న మాటలే వింటారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అవతలి మాట బయటికి పోదు గాని మన మాట పోతుంది. ఆపి ఉంచిన కారు, స్నేహితురాలి హాస్టల్ గది, సెలవురోజు ఖాళీగా ఉండే ఆఫీసు వంటి ఏర్పాట్లు కొందరికి కుదురుతాయి. ఏదీ కుదరనివారికి నేరుగా వెళ్లడమే మేలు. "ఎక్కడికి" అని అడిగితే చెప్పడానికి ద్వారకానగర్‌లో వంద పనులుంటాయి. ఫోన్ కూడా ఇంటి సంగతే: అందరూ వాడే లాప్‌టాప్, భర్త చూసే మెయిల్, బ్యాంకు స్టేట్‌మెంటులో కనబడే యూపీఐ చెల్లింపు ముందే ఆలోచించుకోవలసినవి. ఇంట్లో కొట్టే మనిషే ఉన్నప్పుడు ఆన్‌లైన్ సెషన్ ప్రమాదం కూడా; అలాంటివారు ముందు 181 మహిళా హెల్ప్‌లైన్‌ను సంప్రదించాలి.

వీడియో లేకుండా ఫోన్‌లో మాత్రమే మాట్లాడడం నెట్ సరిగా లేనిచోట, ముఖం చూపించడానికి జంకేవారికి పనికివస్తుంది. గొంతు చాలా చెబుతుంది. చాటింగ్‌లో ఈ పద్ధతి నడవదని అనను గాని, మొదటిసారి వచ్చేవారికి నేను సూచించను.

మొదటి సెషన్ రెండు చోట్లా ఇంచుమించు ఒకేలా మొదలవుతుంది. సెషన్ సాధారణంగా యాభై నిమిషాలు, వారానికి ఒకటి. పేరు, వయసు, వాడుతున్న మందులతో పాటు ఆన్‌లైన్‌లో మరో రెండు అడుగుతారు: ప్రస్తుతం మీరున్న చోటి చిరునామా, అవసరమైతే ఫోన్ చేయడానికి ఒక దగ్గరివారి నంబరు. ఇది ఆరా తీయడం కాదు. ఎదుట లేని మనిషికి ప్రాణాపాయం వస్తే సహాయం పంపడానికి వేరే మార్గం లేదు. గోప్యత గురించి, దాని హద్దుల గురించి చెబుతారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 గోప్యతను హక్కుగా గుర్తించింది, కాని మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ముప్పు ఉన్నప్పుడు ఆ హద్దు సడలుతుంది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం దాన్ని తెలియజేయక తప్పదు. రికార్డింగ్ గురించి మీరే అడగండి. రోజర్స్ స్వయంగా 1940ల్లోనే సెషన్లను రికార్డు చేసి శిక్షణకు, పరిశోధనకు వాడారు గనుక ఈ రంగంలో అది కొత్త కాదు, అయితే మీ అనుమతి లేకుండా జరగకూడదు. రుసుము, ముందురోజు రద్దు చేసుకుంటే ఏమవుతుందన్నది తేలాక, "ఈ రోజు ఎక్కడి నుంచి మొదలుపెడదాం?" అంటారు. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పినా సెషన్ మొదలైనట్టే.

కొందరికి ఈ రెండూ కావు. ఎవరూ లేకుండా మాటలు వినబడుతున్నా, రోజుల తరబడి నిద్ర లేకపోయినా అలసట తెలియకుండా హుషారుగా ఉన్నా, మద్యం మానగానే చేతులు వణికి మతి తప్పుతున్నా ముందు సైకియాట్రిస్టును చూడాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ పేరు వినగానే నగరంలో కొందరు ముఖం చిట్లించడం పాత అలవాటే గాని, అక్కడికి వెళ్లడానికి అది అడ్డం కాకూడదు. మందులు కౌన్సెలర్ గదిలోనూ రాయరు, తెర మీదా రాయరు. వైద్యులు మాత్రం 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం కొన్ని పరిమితులతో ఆన్‌లైన్‌లోనూ రాయవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నవారు వచ్చే వారం సెషన్ కోసం ఆగకూడదు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఎంపికలో చివరిది మనిషి. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉంటుంది, దాని సంఖ్య అడగవచ్చు. కౌన్సెలర్ అనే పేరు పెట్టుకున్న ప్రతివారికీ అలాంటి నమోదు ఉండదు గనుక ఏ కోర్సు చదివారో, వ్యక్తి కేంద్రిత పద్ధతిలో శిక్షణ ఎక్కడ పొందారో, తమ పనిని ఎవరైనా సీనియర్‌తో సమీక్షించుకుంటారో లేదో అడగడం మర్యాద తప్పడం కాదు. భాషను కూడా అడగండి. కొన్ని యాప్‌లు ఇంగ్లీషులోనో హిందీలోనో మాట్లాడేవారిని జతచేస్తాయి. ఆఫీసు సంగతులు ఇంగ్లీషులో చెప్పగలిగినవారికి కూడా అమ్మ మీద కోపం ఇంట్లో మాట్లాడే తెలుగులోనే వస్తుంది.

అన్నీ కుదిరినవారు మొదటి రెండు సెషన్లు నేరుగా వెళ్లి, ఆ తర్వాత ఆన్‌లైన్‌కు మారడం ఈ రెండింటిలోని మేలునూ అందిస్తుంది. చాలామంది కౌన్సెలర్లు దీనికి ఒప్పుకుంటారు. మూడు నాలుగు సెషన్ల తర్వాత కూడా కౌన్సెలర్ మీ మాట విన్నట్టు అనిపించకపోతే ఆ మాట వారితోనే చెప్పి, వారు నొచ్చుకుని సమర్థించుకుంటున్నారా, ఆగి వివరంగా అడుగుతున్నారా గమనించండి. మొదటిదైతే మరొకరిని వెతుక్కోవచ్చు, అప్పుడు ఆన్‌లైన్ వల్ల హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్న తెలుగు కౌన్సెలర్ కూడా మీకు అందుబాటులోనే ఉంటారు.